కిల్గానన్‌ల ఇల్లు చూపించిన సంగతి

మా క్లూనబ్రాక్‌లో కిల్గానన్ అనే ఇంటిపేరు ఎవరూ పైకి అనరు. ఫెలిమ్ టూహీ వినేచోట అసలే అనరు. నూట ముప్పై ఏళ్ళ కిందట దొర మనుషులు ఆ కుటుంబాన్ని తట్టాబుట్టతో సహా రోడ్డు మీదికి గెంటేస్తే, మూడో రోజుకల్లా ఫెలిమ్ ముత్తాత అదే ఇంట్లో పొయ్యి రాజేశాడు. ఊరు ఆ పని మరిచిపోలేదు, క్షమించనూ లేదు. దాని గురించి మాట్లాడడం మాత్రం మానేసింది.

అలాంటి ఊళ్ళో ఒక మంగళవారం, జోరువానలో, న్యూజీలాండ్ నుంచి వచ్చిన హెస్టర్ కిల్గానన్ బస్సు దిగింది.

నేను పోస్టాఫీసులో ఉన్నాను. ఉత్తరాలతో పాటు టీపొడి, మేకులు, గొర్రెల మందు కూడా అక్కడే అమ్ముతాను. ఫెలిమ్ ఆ వేళ మేకుల పెట్టెలో చెయ్యి పెట్టి ఏరుకుంటున్నాడు. తలుపు తోసుకొచ్చిన హెస్టర్‌కు డెబ్బై ఏళ్ళుంటాయి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషట. గొంతు చివరి సీటు దాకా వినబడేలా ఉంది.

"మా ముత్తాత లోర్కన్ కిల్గానన్ పుట్టిన ఇల్లు ఎక్కడో చెబుతారా?" అని అడిగింది.

పెట్టెలో మేకుల చప్పుడు ఆగిపోయింది. ఫెలిమ్ మెడ ఎర్రబడడం నాకు కనిపించింది. ఏదో ఒకటి అనాలి కనుక అనేశాను.

"ఎందుకు చెప్పనూ, చెరువు పైన గుట్ట మీదుంది. గోడలే మిగిలాయనుకోండి. ఆ పొలం ఈ ఫెలిమ్‌దే, చూపిస్తాడు."

చెరువు పైన ఉన్నది ఫెలిమ్ తాత కట్టించిన పందుల దొడ్డి.

గొర్రెల మందు నాకే పట్టించేలా చూశాడు ఫెలిమ్. అయినా టోపీ పెట్టుకుని ముందు నడిచాడు. అబద్ధం నాది కనుక కొట్టుకు తాళం వేసి నేనూ వెళ్ళాను.

హెస్టర్ దురదగొండి మొక్కలు పక్కకు తోసి, గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. కళ్ళు తుడుచుకుంది.

"మావాళ్ళు పదకొండు మందీ ఇందులోనే ఉండేవాళ్ళా?"

"సర్దుకునేవాళ్ళు," అన్నాడు ఫెలిమ్.

"గుమ్మం నా నడుం దాకానే ఉందే?"

"అప్పటి మనుషులు పొట్టివాళ్ళు," అన్నాను నేను.

ఆమె మూలనున్న రాతి కుడితి తొట్టి చూపించింది. "మరి ఇది?"

ఫెలిమ్ నా వైపు చూశాడు. నేను చెరువు వైపు చూశాను.

"స్నానాల తొట్టి. పిల్లలకి," అన్నాడు.

"పాపం, ఎంత శుభ్రమైన మనుషులో," అంది హెస్టర్.

మర్నాడు వెళ్ళాల్సిన మనిషి మా మేడ మీద గదిలో దిగి తొమ్మిది రోజులు ఉండిపోయింది. పొద్దున్నే ఫ్లాస్కు, కొడవలి పట్టుకుని గుట్ట ఎక్కడం, దురదగొండి మొక్కలు కోసి గోడలు శుభ్రం చెయ్యడం, ఇదే పని. ఊరికి అంతకన్నా మంచి కాలక్షేపం ఏం కావాలి? బ్రీడా మక్‌నల్టీ తన పబ్బులో ఫెలిమ్ అడుగుపెట్టగానే అందుకునేది.

"ఏం ఫెలిమ్, మహలుకి సున్నం కొట్టించావా? మీ పందులు కూడా మాకు విదేశాల నుంచి చుట్టాలెప్పుడొస్తారా అని చూస్తున్నాయట."

మాటకు రెండు మాటలు అప్పజెప్పే ఫెలిమ్ ఈసారి గ్లాసు సగంలో వదిలి ఇంటికి పోయాడు. మూడో రోజు తనూ చేతి తొడుగులు వేసుకుని గుట్ట ఎక్కాడు. నాలుగో రోజు రొట్టె, వెన్న పట్టుకెళ్ళాడు. ఆరో రోజు నేను సైకిల్ మీద కింద రోడ్డున పోతుంటే పైనుంచి మగనవ్వు వినబడింది. ఎవరిదో పోల్చుకోలేక సైకిల్ ఆపాను. ఫెలిమ్ నవ్వగా విని ఇరవై ఏళ్ళయింది మరి.

తొమ్మిదో రోజు అతను చావులకు వేసుకునే కోటు తొడుక్కుని, తల తడిపి దువ్వుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అట్రాక్టా, కొట్టు మూసి మా ఇంటికి రా. నువ్వు పక్కనుండాలి."

"నేనెందుకు?"

"మధ్యలో పారిపోకుండా పట్టుకోడానికి."

నేను వెళ్ళేసరికి హెస్టర్ బల్ల దగ్గర కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటోంది. ఫెలిమ్ కూర్చోలేదు.

"మేడమ్, ఇన్నాళ్ళూ మీరు బాగుచేస్తున్నది పందుల దొడ్డి."

"తెలుసు," అంది హెస్టర్, వెన్న రాయడం ఆపకుండానే. "మా నాన్న పందులు పెంచేవాడు. అలాంటి తొట్లు వంద కడిగుంటాను. చూసిన మరుక్షణమే తెలిసింది."

"మరి ఏడ్చారు కదండీ," అన్నాను.

"దురదగొండి చెయ్యి కంట్లో పెట్టుకున్నాను."

"తెలిసీ ఎందుకు ఉండిపోయారు?"

"ఇంత కష్టపడి అబద్ధమాడుతున్నారంటే వెనక ఏదో ఉందనుకున్నా. పైగా ఈయన ఆ తొట్టి గురించి రోజుకో కథ చెప్పేవాడు. నిన్నయితే దాంట్లో బిషప్పుగారికే స్నానం చేయించాడు. అది వినకుండా ఎలా పోను?"

నాకు నవ్వొచ్చింది. ఫెలిమ్ మాత్రం నవ్వలేదు.

"మీవాళ్ళ ఇల్లు ఇదే," అన్నాడు. "దొర మనుషులు వాళ్ళని గెంటేసింది ఈ గడప మీంచే. మూడో రోజున మా ముత్తాత వచ్చి చేరాడు. మీరు కూర్చున్న బల్ల కూడా మీవాళ్ళదేనేమో. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు."

హెస్టర్ కత్తి కింద పెట్టింది. మధ్యలో అరిగిపోయిన గడపను, మసిబారిన పొయ్యిని, చిన్న కిటికీని ఒక్కొక్కటే చూసింది. ఈసారి చేతులు శుభ్రంగానే ఉన్నాయి, కళ్ళు మాత్రం తడిశాయి.

"మీ ముత్తాతకి పిల్లలెందరు?" అని అడిగింది చివరికి.

"తొమ్మిది మంది."

"అంతకుముందు ఎక్కడుండేవాళ్ళు?"

"గుట్ట కింద బురదలో, గుడిసెలో. ఇద్దరు పిల్లలు అక్కడే పోయారు."

ఆమె తల పంకించింది. "ఆయన చేసింది మంచి పనని నేననను."

"అనమని నేనూ అడగను."

"అయితే కూర్చో. టీ చల్లారిపోతోంది," అంది హెస్టర్.

వెళ్ళే ముందు ఒక్క రాత్రి ఆ ఇంట్లో పడుకోవాలనుందని అడిగింది. ఫెలిమ్ ఉతికిన దుప్పట్లు పరిచి, తను గొర్రెల పాకలోకి మారాడు.

తెల్లారేసరికి సగం ఊరు నా కొట్లో చేరింది. ఒక్కరికీ కొనాల్సింది ఏమీ లేదు. హెస్టర్ తన నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చింది. వెనకే ఆమె పెట్టె మోసుకుంటూ ఫెలిమ్.

"ఎలా ఉందమ్మా మీ ఇల్లు?" అని అడిగింది బ్రీడా.

"కప్పు మూడుచోట్ల కారుతోంది. పొగంతా ఇంట్లోకే. కిటికీ మూసుకోదు. మా ముత్తాత తన పిల్లలకి అన్ని ఉత్తరాలు రాసి, ఒక్కదాంట్లోనూ ఇంటి మీద బెంగగా ఉందని ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది."

ఫెలిమ్ నొచ్చుకున్నాడు. "పుట్టినప్పట్నుంచీ నేను అక్కడే పడుకుంటున్నాను."

"అదే అనుకున్నాను, నీ వాలకం చూసి," అంది హెస్టర్.