ఎర్మియోని గులకరాయి

బండలు చూడటానికి వచ్చేవాళ్ళలో ఎవరు కొంటారో వీరభద్రకు మొదటి మాటలోనే తెలిసిపోతుంది. కడప పొలిమేరలోని అతని పాలిష్ యార్డుకు వచ్చి, బండ మీద చెంబుడు నీళ్ళు పోయించి, ఇక్కడ గీత ఉంది, అక్కడ రంగు వెలిసింది అని సణిగేవాడు సాయంత్రానికి లారీ తెస్తాడు. బాగుందని మెచ్చుకున్నవాడు మళ్ళీ కనిపించడు.

ఈ కొలత తన ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు.

అతని భార్య భువన కాలేజీలో చరిత్ర చెబుతుంది. పోయిన వేసవిలో పాత కోటగోడలను చూసి బొమ్మలుగా గీయడం నేర్చుకోవడానికి గ్రీసు దేశంలోని ఎర్మియోని అనే చిన్న రేవు ఊరికి వెళ్ళి, నెలన్నర ఉండి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఆ ఊరిని తిట్టని రోజు లేదు.

“కాఫీ తాగితే అడుగునంతా మడ్డేనప్పా. మధ్యాన్నమైతే ఊరంతా తలుపులేసుకోని పండుకుంటారు. రెండువేల ఏండ్ల నాటి కోటగోడ మింద ఇండ్లు కట్టుకోని, దుప్పట్లు ఆరేస్తాండారు!”

“వేరే జాగా లేదా ఏంది వాళ్ళకు?”

“ఉండాది. అయినా ఆడనే కట్టుకుంటారు. మొండోళ్ళు.”

మొండోళ్ళు అన్నప్పుడు ఆమె గొంతులో, ఒకప్పుడు తనకు మాత్రమే దక్కిన చిరాకు వినిపించింది. అతని చొక్కా మీది రాతిపొడి గురించి, అన్నం తింటూ ఫోను మాట్లాడటం గురించి ఆమె పెళ్ళైనప్పటి నుంచి సణిగింది. ఇప్పుడు ఏమీ అనడం లేదు. ఒకరోజు కావాలనే ఆ చొక్కాతోనే మంచం మీద పడుకున్నాడు. ఆమె దుప్పటి దులిపి ఊరుకుంది.

ఆమె తీసిన ఫొటోలన్నీ చూశాడు. ఒక మగవాడు కనిపిస్తాడేమోనని వెతికాడు. కనిపిస్తే తేలికగా ఉండేది. మనిషైతే వాడి ముక్కునూ, వయసునూ తనతో పోల్చుకోవచ్చు. కానీ ఉన్నవి గోడలు, పడవలు, పిల్లులు, నీళ్ళు. ఆ గోడల్లో ఒక్కో రాయిని పక్క రాయి ఒంపుకు సరిపడా చెక్కి, సున్నం లేకుండా కూర్చిన తీరుకు ఇష్టం లేకుండానే ముచ్చటపడ్డాడు. ఆ ముచ్చటకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ ఊరి ఒడ్డు నుంచి ఆమె ఒక బూడిదరంగు గులకరాయి తెచ్చుకుంది. దానికి ఒక పక్క, ఏదో సముద్రపు పురుగు కట్టుకున్న తెల్లటి గరుకు గీతలు. పేపర్లు దిద్దుతున్నంతసేపూ ఆమె ఎడమ బొటనవేలు ఆ గరుకు మీదే తిరిగేది.

ఇంతలో ఆ ఊరి నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఈసారి ఏడాదికి.

“పోవల్నో వద్దో తెల్డంలే. ఆదివారం లోపల చెప్పల్ల,” అంది భువన. “నువ్వేమంటావు?”

“నాదేముండాది, నీ ఇష్టం.”

శనివారం అతను ఆ రాయిని జేబులో వేసుకుని యార్డుకు పోయాడు. మెరిపించి బహుమతిగా ఇద్దామని తనకు తాను చెప్పుకున్నాడు. యార్డులో గరుకుగా ఉన్నదంతా పని మిగిలిన రాయే కదా. ఆ మాట నిజమే. నిజం కాబట్టే దాని వెనక ఇంకో మాట దాక్కోగలిగింది.

పాలిష్ మిషను నడిపే బొజ్జన్న రాయిని అటూ ఇటూ తిప్పాడు. “ఏందన్నా ఇది? బండలైపోయి గులకరాళ్ళకు దిగినామా? వదినమ్మకు ఉంగరమా ఏంది?”

“వాగకుండా పట్టు. ఆ తెల్లదంతా పోవల్ల.”

“పోతాది. పోతే మల్ల రాదు.”

“తెలుసులే.”

సాయంత్రం దాన్ని భువన చేతిలో పెట్టాడు. రాయి అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు మెరుస్తోంది. ఆమె బొటనవేలు అలవాటుగా గరుకు కోసం వెతికింది. ఒకసారి చుట్టూ తిరిగింది, మళ్ళీ తిరిగింది, ఆగింది.

అతను ఎదురుచూశాడు. తిట్టు, అనుకున్నాడు. నీకేమన్నా బుద్ధుందా అను. ఎవరు చేయమన్నారని కేకలెయ్యి. విసిరికొట్టినా సరే.

ఆమె రాయిని కిటికీ వెలుగుకు ఎత్తి, నిదానంగా చూసింది.

“శానా బాగుండాది,” అంది.

దాన్ని టేబుల్ మీద, అతని వైపుగా పెట్టింది. ల్యాప్‌టాప్ తెరిచి, జవాబు రాయడానికి కూర్చుంది.