ఎత్తిన చేతులు

బ్యూలా ఆ రోజు పొద్దున పాల పాకెట్ కోసం బొంతపల్లి స్టేజీ దాకా వెళ్లి, పాలు మరిచిపోయి, పరువు పోగొట్టుకుని వచ్చింది. అదంతా ఐలన్న చేతిలోని ఫోను చేసిన పని. చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్న ఐలన్న, "బ్యూలక్కా, ఫోటోల పడ్డవు సూడు" అంటూ ఫోను తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టాడు.

ఫోటోలో ఉన్నది ఆమే. కళ్లు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి ఉంది. వెనక సుకుమారి, ఆ వెనక చర్చి స్త్రీల కూటం మొత్తం, అందరి చేతులూ పైనే. కింద సర్కారు వారి మాట: "వాతావరణ చట్టంలో సవరణకు చేతులెత్తి మద్దతు తెలిపిన గ్రామస్తులు."

"చర్చికి కొత్త రేకులు ఏస్తున్నరంట గద కంపెనోళ్లు?" అన్నాడు ఐలన్న నవ్వుతూ. అతను వేళాకోళానికే అన్నాడు. కానీ పక్కన చాయ్ తాగుతున్నవాళ్లెవరూ నవ్వలేదు. బ్యూలాకు ఒళ్లు మండిపోయింది.

రాష్ట్రం కొత్తగా తెస్తున్న వాతావరణ చట్టం ముసాయిదాలో మొదట ఒక మంచి మాట ఉండేది. ప్రతి ఫ్యాక్టరీ తన పొగగొట్టంలోంచి ఏం ఎంత వదులుతోందో ఆ లెక్కను గేటు ముందు బోర్డు మీద పెట్టాలి, దారిన పోయేవాళ్లు కూడా చదువుకునేలా. అది ఎవరి కంట్లో నలుసయిందో గానీ, లెక్క ఆఫీసుకిస్తే చాలు, బోర్డు అక్కర్లేదని సవరణ వచ్చింది. దాని మీద జనం ఏమంటారో వినడానికని మొన్న ఊరి ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. బ్యూలా ఇల్లు ఫ్యాక్టరీ బాయిలర్ వెనకే. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. మనవరాలికి దగ్గు విడవదు. ఆ పొగలో ఏముందో మాకూ తెలియాలి, బోర్డు ఉండాల్సిందే అని చెప్పడానికే ఆమె ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వెళ్లింది.

తీరా వెళ్తే అధికారి రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. బోరు వేసినా, కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోసినా చేతులెత్తి ప్రార్థన చేసుకోవడం వాళ్లకు అలవాటు. ఊరికే కూర్చోవడం దేనికని బ్యూలాయే ప్రార్థన ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫర్ తన పని తాను చేసుకున్నాడు. తర్వాత మురళీమోహన్ అనే అధికారి కారు దిగి, సవరణ గడగడా చదివి, మైకు ఎవరి చేతికీ ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

ఇక బ్యూలాకు కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున్నే బస్సెక్కి సంగారెడ్డి కలెక్టరాఫీసుకు పోయేది. అధికారి రాకముందే చేతులెత్తామని తేలేలా ఆనాటి సభ వీడియో చూపించమని ఒక గదిలో అడిగితే ఇంకో గది చూపించేవారు, అక్కడ అడిగితే పైవాళ్లనడగమనేవారు. ఇంట్లో పొయ్యి మీద అన్నం మాడింది, కూర ఉప్పుకషాయమైంది. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుంటే ఆ ఫోటోనే కనిపించింది. దేవుడికెత్తిన చేతిని వీళ్లు కంపెనీకి రాసిచ్చారు గదా అని ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో సిగ్గు కంటే కోపమే ఎక్కువ.

ఆమె పోరు పడలేక చివరికి మళ్లీ సభ పెడతామన్నారు. బ్యూలా గడప గడపకూ తిరిగింది. "ఈసారి ఎవ్వలు చెయ్యి లేపొద్దు. ఆళ్లు ఏమన్నగానీ లేపొద్దు. కెమెరా మనకు శత్రువు," అని ప్రతి ఒక్కరితో మాట తీసుకుంది. వేళాకోళమాడినందుకు మొహం చెల్లక ఐలన్న కూడా మాటిచ్చాడు.

సభ రోజు మురళీమోహన్ వేళకే వచ్చాడు. సవరణ చదివి, తల ఎత్తి, "దీన్ని వ్యతిరేకించేవారు చేతులెత్తండి" అన్నాడు.

బ్యూలా చెయ్యి ఎత్తింది. వెనక్కి తిరిగి చూస్తే ఒక్క చెయ్యీ లేవలేదు. సుకుమారి చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఐలన్న చంకల్లో దాచుకున్నాడు.

"లేపుండ్రే!" అంది బ్యూలా.

"నువ్వే వద్దంటివి గదనే," సుకుమారి కెమెరాను భయంగా చూస్తూ గొణిగింది. "మల్ల ఏమని రాస్తరో ఏమో."

"ఒక్కరు. రాసుకోండి," అన్నాడు మురళీమోహన్ పక్కనున్న గుమస్తాతో.

బ్యూలా తన నోటితోనే ఊరి నోరు కట్టేసింది. ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూసి, గబగబా వెళ్లి మైకు అందుకుంది.

"జెర ఆగుండ్రి సార్. ప్రార్థన చేస్కోని పోతం." జనం వైపు తిరిగి కళ్లు మూసుకుంది. "ప్రభువా, మా గాలిల ఏం కలుస్తున్నదో మాకు తెల్వనియ్యి. ఆ బోర్డు మా కండ్ల ముందటనే ఉండనియ్యి. దాన్ని తీసేసుడు మాకొద్దు తండ్రీ."

కొంగులోంచి సుకుమారి చేతులు వాటంతటవే పైకి లేచాయి. ఆమె వెనక వరస లేచింది. చర్చి మెట్టు ఎన్నడూ ఎక్కని ఐలన్న అటూ ఇటూ చూసి తనూ ఒక చెయ్యి ఎత్తాడు. హాలంతా చేతులే.

మురళీమోహన్ నొసలు చిట్లించాడు. "అమ్మా, ఇది ప్రార్థన. దీన్ని వ్యతిరేకత కింద రాయడం కుదరదండీ."

బ్యూలా కళ్లు తెరిచింది. "ఆ దినం గూడ ప్రార్థననే సార్. మీరు ఇంక రానేలేదు. అది రాసుకున్నరు గద, ఇది గూడ రాయుండ్రి. లేకుంటే అది కొట్టేయుండ్రి."

"కెమెరా ఆపవయ్యా," అన్నాడు మురళీమోహన్.

"మీది ఆపుకోండ్రి సార్, మాది నడుస్తున్నది," అన్నాడు ఐలన్న. అతని రెండో చేతిలో ఫోను ఉంది.

మురళీమోహన్ ఫోనునూ చేతులనూ చూసి, కుర్చీలో కూలబడి, కాగితం ముందుకు లాక్కున్నాడు. గుమస్తా రాసిన 'ఒక్కరు' మీద గీత గీసి, దాని కింద ఏదో రాశాడు.

"చదివి వినిపియ్యుండ్రి సార్," అంది బ్యూలా, చేతులు దించకుండానే.