ఓబులేసు చేతి వణుకు

క్యారమ్ బోర్డును నేను. హిందూపురంలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. ప్లైవుడ్ పలకను నున్నగా రుద్ది, చుట్టూ గట్టి కర్ర బిగించి, నాలుగు మూలలా గుంటలు తొలిచి, మధ్యలో ఎర్రటి పువ్వు దిద్దారు. చివరికి మేస్త్రి అరచేత్తో నిమిరి, “అద్దం మాదిరి ఉండాది” అన్నాడు. అది నిజమే గనక ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.

మొదట నన్ను కొన్నది ఒక కాలేజీ హాస్టలు. అక్కడి కుర్రాళ్లు పరీక్షల ముందు రోజు కూడా నన్ను వదిలేవాళ్లు కాదు. ఫలితాలు వచ్చాక మాత్రం తప్పంతా నాదే అనేవాళ్లు. హాస్టలు మూతపడ్డాక ఒక బస్సు డిపోకు చేరాను. డ్రైవర్లు, కండక్టర్లు డ్యూటీకీ డ్యూటీకీ మధ్య నడుం వాల్చే గది అది. ఒక పాత లారీ టైరు మీద నన్ను పరిచారు. ఆ టైరు మీదే నా జీవితంలో మంచి రోజులన్నీ గడిచాయి.

మనుషుల గురించి నాకు తెలిసిన సంగతి ఒకటుంది. కాయ గుంటలో పడితే వేలి గొప్పతనం. పడకపోతే, “బోర్డు వంకరపోయిందప్పా.” పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా ఇంతే. డ్రైవరు ఓబులేసు ఒక్కడే ఎప్పుడూ నన్ను తిట్టలేదు. గురి తప్పితే నవ్వి, “నాదే తప్పు” అని పక్కవాడికి స్ట్రైకర్ అందించేవాడు. కదిరి రోడ్డు మీద ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషి. చేయి నిలకడైన చేయి.

ఒక వానరోజు చింతచెట్ల మలుపులో ఎదురుగా వస్తున్న బైకు జారి, నడిపేవాడు సరిగ్గా ఓబులేసు బస్సు ముందు పడ్డాడు. ఓబులేసు బలమంతా వేసి బ్రేకు తొక్కాడు. చక్రం పడినవాడి తలకు జానెడు దూరంలో ఆగింది. ఆ మనిషి లేచి, బురద దులుపుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

డిపోలో ఆ వారమంతా అదే ముచ్చట. “నువ్వు కాబట్టి ఆపినావు” అని వీపు తట్టని వాళ్లు లేరు. “ఏమీ కాల్యా కదా, ఇంకేం?” అని అందరూ అన్నారు. ఓబులేసు కూడా తల ఊపాడు. ఏమీ కాలేదు కాబట్టే తనకేదో అయిందని చెప్పుకునే దారి లేకపోయింది.

ఆ తర్వాత అతను నా దగ్గరికి రావడం తగ్గించాడు. గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు, కానీ నిద్రపోయేవాడు కాదు. ఒక మధ్యాహ్నం వాళ్లూ వీళ్లూ బలవంతం చేస్తే వచ్చి కూర్చున్నాడు. స్ట్రైకర్ గీత మీద పెట్టాడు. అతని వేలు నా మీద టకటకమని కొట్టుకుంది. కొట్టిన స్ట్రైకర్ ఎటో పోయింది.

“ఈ బోర్డు వంకరైంది” అన్నాడు ఓబులేసు.

ఎదురుగా ఉన్నది మెకానిక్ దస్తగిరి. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పే పెద్దాయన. ఆయన నన్ను అరచేత్తో ఒకసారి నిమిరాడు. నాలో ఏ వంకరా లేదని ఆయనకు తెలిసిపోయింది. ఆట సాగనిచ్చాడు. మిగతావాళ్లు బస్సులెక్కి పోయాక కుర్చీని ఓబులేసు పక్కకు జరుపుకున్నాడు.

“ఎన్నాళ్లనుంచి రా, ఈ వణుకు?”

ఓబులేసు చేతులు తొడల కింద దాచుకున్నాడు. “టీ ఎక్కువైంది, దస్తగిరన్నా.”

“టీ వల్లయితే నా చేతులెప్పుడో వణకాల.”

ఓబులేసు చేతులు బయటికి తీశాడు. తర్వాత నా మీది నల్లకాయనొకదాన్ని తిప్పుతూ చెప్పాడు. “నిద్ర పట్టదన్నా. కండ్లు మూస్తే చక్రం ఆగదు. ఆ మలుపొస్తే గుండె దడదడా కొట్టుకుంటాది, చెమట పడతాది. వెనక ఇంతమంది కూర్చోనుంటారే, ఎవురి ప్రాణం తీస్తానోనని భయం. చెప్తే పిచ్చోడంటారు. స్టీరింగ్ గుంజుకుంటారు. స్టీరింగ్ లేకుంటే నేనెవురిని?”

దస్తగిరి ఓదార్చలేదు, ధైర్యమూ చెప్పలేదు. “రేపు బస్సెక్కొద్దు. మేనేజరు దగ్గరికి ఇద్దరం పోదాం” అన్నాడు.

నీళ్ల సీసా కోసం లోపలికి వచ్చిన కండక్టరు చౌడేశ్వరి ఆ మాటలు విన్నది. వెనక్కి వెళ్లిపోకుండా వచ్చి గోడకానుకుని నిలబడింది.

“ఓబులేసన్నా, మా తమ్ముడు పోయినాక నేను ఒక ఏడాది మాత్రలు మింగినా, తెల్సా? టికెట్ కొడతా కొడతా ఏడుపొచ్చేది. అనంతపురం పెద్దాసుపత్రిలో మనసు డాక్టరమ్మ ఉండాది. నేను పిల్చుకోని పోతా. పిచ్చోళ్లు పోయే చోటు కాదది. నిద్రపట్టనోళ్లు పోయే చోటు.”

ఓబులేసు భయపడినట్టు మేనేజరు అరవలేదు. కొన్నాళ్లు గ్యారేజీలో పని వేశాడు. చౌడేశ్వరితో అనంతపురం వెళ్లొచ్చాక, డాక్టరమ్మ చెప్పిన మాట ఓబులేసు నా ఎదుట చాలాసార్లు తలుచుకున్నాడు. “ఆ రోజు నొక్కిన బ్రేకును మీ ఒళ్లు ఇంకా వదల్లేదు. మెల్లగా వదిలిద్దాం” అన్నదట. మాత్రలు రాసింది. సాయంత్రం నడవమంది, టీలు తగ్గించమంది, గుండె దడ మొదలైతే ఊపిరి నిదానంగా వదలడం నేర్పింది. భయమేసిన చోటికి అంచెలంచెలుగా దగ్గరవమంది. ముందు ఆగి ఉన్న బస్సులో ఊరికే కూర్చోవడం, తర్వాత డిపో ఆవరణలో తిప్పడం, ఆ తర్వాతే రోడ్డు.

మొదటిసారి ఖాళీ బస్సుతో, పక్కన దస్తగిరితో బయల్దేరినప్పుడు చింతచెట్లు కనపడగానే ఓబులేసు బస్సాపి దిగిపోయాడు. వెనక్కి నడుపుకొచ్చింది దస్తగిరే. ఆ సాయంత్రం ఓబులేసు వచ్చి నా అంచు మీద రెండు మోచేతులూ పెట్టి తల దించుకున్నాడు.

“నా వల్ల కాదన్నా.”

“నిన్నటిదాకా ఆ దారికే పోల్యా నువ్వు. ఈ పొద్దు చెట్లు కనపడేదాకా పోయినావు” అన్నాడు దస్తగిరి, కాయలు పేరుస్తూ. “ఆడు.”

ఆడాడు. ఓడిపోయాడు. మరుసటి వారం మళ్లీ వెళ్లారు. ఆ తర్వాత వారం కూడా. ఒకరోజు గదిలోకి దస్తగిరి ముందు వచ్చి, కూర్చుని మీసం సవరించుకున్నాడు. వెనకే ఓబులేసు. “దాటినా” అన్నాడు. చౌడేశ్వరి అందరికీ టీ తెప్పించింది, ఓబులేసుకు తప్ప. అతనికి మజ్జిగ.

డాక్టరమ్మ సరేనన్నాక అతను మళ్లీ కదిరి బస్సెక్కాడు. ఇప్పటికీ అప్పుడప్పుడూ గుండె దడ వస్తుంది. వస్తే ఏం చేయాలో అతనికి తెలుసు.

డిపోకు కొత్త బోర్డు వచ్చినప్పుడు నన్ను ఓబులేసు ఇంటికి తెచ్చుకున్నాడు. అతని భార్య సుంకమ్మ ఎన్నడూ క్యారమ్స్ ముట్టినామె కాదు. ఒక ఆదివారం పగలు వంటైపోయాక, “నాక్కూడా నేర్పు” అని కూర్చుంది. వేలు ఎట్లా మడవాలో చూపిస్తూ ఓబులేసు ఉన్నట్టుండి ఆగాడు.

“సుంకమ్మా, నీకు చెప్పినట్టు నేను మింగినవి బీపీ మాత్రలు కావు.”

“తెలుసు.”

“ఎట్ల?”

“బీపీ మాత్రలకు అంత దూరం అనంతపురం పోతారా ఎవురైనా? మనూర్లోనే ఇస్తారే.” ఆమె తలెత్తలేదు. స్ట్రైకర్‌ను గీత మీద సర్దుకుంటూ ఉంది. “నువ్వు కండ్లు తెరుచుకోని పండుకున్నన్నాళ్లూ నేనూ అట్లే పండుకుంటి. అడిగితే ఇంకా లోపలికి పోతావేమోనని అడగల్యా. డిపోలో వాళ్లకంతా చెప్పుకున్నావు. నాకు చెప్పనీకి ఇన్నాళ్లు పట్టింది.”

ఓబులేసు ఆమె వైపు జరిగాడు. మెల్లగా అన్నాడు. “నువ్వు బాధపడతావని.”

“బాధపడితిని కదా. ఒక్కదాన్నే పడితిని.”

అతను చేయి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరి బరువూ నా మీద పడింది. నేను గట్టి కర్రతో చేసినదాన్ని, మోశాను.

“మళ్లా ఎప్పుడైనా ఆ భయమొస్తే?” అంది ఆమె.

“ఆ రాత్రే లేపుతా నిన్ను.”

సుంకమ్మ చేయి విడిపించుకుని, కళ్లు తుడుచుకుని, స్ట్రైకర్ కొట్టింది. తెల్లకాయ నేరుగా వెళ్లి గుంటలో పడింది.

“కాయ పడితే మళ్లా కొట్టేది నేనే కదా?” అని అడిగింది.

“నువ్వే” అన్నాడు ఓబులేసు.