లావెల్‌ని ఇచ్చి తెచ్చుకున్న వంతు

పొద్దున్న లేవగానే బెర్నీ సోబ్‌చక్ కాఫీ పెట్టేది. ముందు గదిలో మంచం మీదున్న మొగుడి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం సరిచేసేది. ఆ తర్వాత మోకాళ్ళు పట్టుకుంటూ బేస్‌మెంట్‌లోకి దిగి, కుర్చీలో కూర్చున్న జెర్సీని ఎండ పడే కిటికీ వైపు తిప్పేది.

నంబరు లేని నీలం జెర్సీ అది. లోపల మనిషి లేడు. అయినా నిటారుగా కూర్చుని, రొమ్ము దగ్గర ఉబ్బుతూ తగ్గుతూ ఊపిరి తీస్తుండేది. చేయి పట్టుకుని నడిపిస్తే నడిచేది. చలేస్తే చేతులు రెండూ ముడుచుకునేది, అందుకని కింద హీటరు ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది.

"ఎలా ఉంది?" అని అడిగేవాడు లియాన్, ఆవిడ పైకి రాగానే.

"నీకంటే నయం. గొట్టం లేకుండా ఊపిరి తీస్తోంది."

"వెటకారం చాల్లే. హీటరు తగ్గించలేదు కదా?"

"నా కాళ్ళు గడ్డకట్టినా అడగవు గాని, దాని గురించి మాత్రం అడుగు."

ఆష్‌బీ హార్బర్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఊరి సొంతం. కొత్త ఆటగాళ్ళు మొదటి ఏడాది ఎవరో ఒకరింట్లో ఉండి తినడం తాతల నాటి ఆనవాయితీ. వసంతకాలంలో జరిగే డ్రాఫ్టులో లీగు జట్లన్నీ వరసలో నిలబడి కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకుంటాయి కదా, ఆ వరసలో ఒక్కో వంతుకీ ఒక్కో జెర్సీ. కుర్రాడు దొరికేదాకా వాటినీ ఇళ్ళల్లోనే ఉంచేవాళ్ళు. స్టేడియంలో పెడితే సరస్సు మీంచి వచ్చే గాలికి నీరసించిపోతాయి. ఒక్కటే కట్టుబాటు, సరదాకి కూడా వాటిని ఎవరూ తొడుక్కోకూడదు. ముందు ఎవరు దూరితే వంతు వాళ్ళదైపోతుంది. ఒకసారి కుబియాక్ వాళ్ళింట్లో చావుకి సిద్ధంగా ఉన్న ముసలి కుక్క చలికి తట్టుకోలేక అలాంటి దాంట్లో దూరింది. ఆఖర్లో వచ్చే వంతు కాబట్టి జట్టువాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. కుర్రాళ్ళకిచ్చే మొదటి ఒప్పందం నాలుగేళ్ళు. కుక్క ఆ నాలుగేళ్ళూ శుభ్రంగా తిని, తిరిగి, ఒప్పందం ముగిసిన రోజున వాకిట్లో పడుకుని చచ్చిపోయింది.

బెర్నీ ఇంటికి వచ్చిన వంతు అలాంటిది కాదు. లావెల్ ప్రూయిట్‌ని వేరే జట్టుకి ఇచ్చి తెచ్చుకున్న మూడు వంతుల్లోకీ పెద్దది. లావెల్ అలబామా నుంచి వచ్చినవాడు. బంతి చేతికిస్తే మీద నలుగురు పడ్డా ఈడ్చుకుంటూ పరిగెత్తేవాడు. మొదటి ఏడాది ఈ బేస్‌మెంట్‌లోనే ఉన్నాడు. "మిస్ బెర్నీ, ఇంకో రెండు పెట్టండి" అంటూ ఆవిడ చేసిన, బంగాళాదుంప కూరిన పియెరోగీలు పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తినేవాడు. సొంత ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆదివారం ఆట గెలిస్తే సోమవారం ఇక్కడే భోజనం. అలాంటివాణ్ణి, సీజను సగంలో, ఎండ కాసే దక్షిణాది ఊరికి పంపేశారు. వెళ్ళే ముందు వచ్చి బేస్‌మెంట్‌లో కాసేపు ఒక్కడే కూర్చున్నాడు. బెర్నీ పొట్లం కట్టిచ్చింది. పొట్లం పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఊరు రెండుగా చీలింది. ఆట రోజున స్టేడియం బయట కార్ల పక్కన సాసేజీలు కాల్చుకుంటూ అందరూ కలిసి తినే చోట, అన్నదమ్ములు మొహాలు తిప్పుకున్నారు. పక్కింటి ఐరీన్ కుబియాక్ పట్టకారు పట్టుకుని రెచ్చిపోయింది.

"ఉన్నవాణ్ణి పంపేసి లేనివాళ్ళని తెచ్చుకుంటారా? వీళ్ళకి బుర్ర అనేది ఉందా?"

అప్పటికి లియాన్ ఇంకా చక్రాల కుర్చీలో బయటికి రాగలిగేవాడు. ఒళ్ళో ఆక్సిజన్ సీసా పెట్టుకుని గట్టిగా వాదించాడు.

"ఒక్కడు ఎన్నాళ్ళు పరిగెత్తుతాడు ఐరీన్? వాడి మోకాళ్ళు ఇనుముతో పోత పోశారా? మూడు వంతులొస్తున్నాయి. కాస్త ఓపిక పట్టు. మూడేళ్ళలో మనల్ని ఆపేవాడుండడు."

ఇంటికొచ్చాక బెర్నీ ఉండబట్టలేకపోయింది. "మూడేళ్ళంటావేంటి లియాన్? నీ ఊపిరితిత్తుల గురించి డాక్టరు ఏం చెప్పాడో విన్నావా లేదా?"

ఓడల యార్డులో వెల్డింగ్ పొగ మింగి మింగి పాడైన ఊపిరితిత్తులవి. డాక్టరు వేసవి మాటే ఎత్తలేదు.

"నేను చూడకపోతే ఏం? ఎవరో ఒకరు చూస్తారు" అన్నాడు లియాన్. "డ్రాఫ్టు రోజున దాన్ని నా చేత్తో ఊరి హాల్లోకి తీసుకెళ్ళి అప్పజెప్పాలి. అంతవరకు ఉంటే చాలు."

బెర్నీకి ఒళ్ళు మండింది. రానున్న రోజుల కోసం లావెల్‌ని అమ్మేసుకున్నారు, ఆ రానున్న రోజుల్లో తన మొగుడు లేడు, ఆ మొగుడే దానికి చప్పట్లు కొడుతున్నాడు. ఎవరితో చెప్పుకుంటుంది? కిందకి వెళ్ళి జెర్సీ ఎదురుగా కూర్చుని ఏడ్చింది. అది ఊపిరి తీస్తూ కూర్చుంది.

ఆ చలికాలం లియాన్ బాగా చిక్కిపోయాడు. స్నానం, బట్టలు, అన్నీ ఆవిడే. రోజూ చొక్కా తొడిగేటప్పుడు చేతులు తనే ఎత్తి దూర్చాలి. తడిసిన కోటు చేతుల్లా బరువుగా వేలాడేవి. అయినా నోరు మాత్రం ఊరుకునేది కాదు. నెబ్రాస్కాలో బంతి విసిరే కుర్రాడు కోల్బీ రెన్నర్ అని ఉన్నాడట, మన వంతు వచ్చేదాకా వాడు మిగిలే ఉంటాడట, వాడొస్తే ఇక తిరుగే లేదట. కోల్బీ, కోల్బీ, కోల్బీ. కన్న కొడుకు పేరైనా ఎవరూ అన్నిసార్లు తలవరు.

డ్రాఫ్టు రోజు రానే వచ్చింది. జట్టు మేనేజరు హాలోరన్ మధ్యాహ్నం కారు తెస్తానన్నాడు. బెర్నీ మొగుడికి గడ్డం గీసింది. పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు మంచం మీద పెట్టింది. కిందకి వెళితే జెర్సీ అప్పటికే మెట్ల దగ్గర నిలబడి ఉంది. చేయి పట్టుకుని పైకి తీసుకొచ్చింది.

లియాన్ పెదాలు నీలం తిరిగి ఉన్నాయి.

"ఏదీ, ఇటు తే" అన్నాడు. జెర్సీ అంచు వేళ్ళతో తడిమాడు. "గట్టి సరుకే బెర్నీ. చూశావా, ఎంత..."

మాట అక్కడే ఆగింది. కళ్ళు పైకి తేలి మూతపడ్డాయి. రొమ్ము ఒకసారి లేచింది, రెండోసారి లేవడానికి చాలా సేపు పట్టింది. బెర్నీ సీసా మర పూర్తిగా తిప్పింది. పేరు పెట్టి పిలిచింది. చెంపలు తట్టింది. లాభం లేకపోయింది. ఆవిడ ఎదుట రెండు ఊపిర్లు ఉన్నాయి, ఒకటి ఆగిపోతోంది, రెండోది నిక్షేపంలా నడుస్తోంది.

ఆవిడ ఏమీ ఆలోచించలేదు. రోజూ చేసే పనే కదా. తల మీంచి జెర్సీ వేసి, చేయి ఎత్తబోయింది. ఎత్తాల్సిన పని లేకపోయింది. కొన్ని నెలలుగా కదలని ఆ చేయి దానంతటదే లేచి, తడుముకుంటూ జెర్సీ చేతిలోకి దూరింది. రెండోది కూడా. లియాన్ కళ్ళు మూసే ఉన్నాయి.

హాలోరన్ వచ్చేసరికి లియాన్ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, ముక్కున గొట్టం లేదు, బుగ్గల్లో రక్తం ఉంది. వీపు మీద నంబరు కూడా పడింది. మేనేజరు టోపీ తీసి అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

"కాఫీ ఉందా, మిసెస్ సోబ్‌చక్?" అన్నాడు.

ఇచ్చింది. తాగాడు. కప్పు తనే కడిగి పెట్టి వెళ్ళాడు. హాల్లో ఊరంతటి ముందూ పేరు చదివాడు, లియాన్ సోబ్‌చక్, వెల్డరు, ఆష్‌బీ హార్బర్. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఎవరో అలవాటుకొద్దీ రెండు చప్పట్లు కొట్టి ఆగిపోయారు. తర్వాతి వంతు జట్టు కోల్బీ రెన్నర్‌ని పట్టుకెళ్ళింది.

సంగతి తెలిశాక లియాన్ ఒక్కటే అడిగాడు.

"ఎందుకు చేశావు?"

"చచ్చిపోతున్నావు."

"నన్ను అడిగావా?"

బెర్నీకి మాట నోటిదాకా వచ్చింది. నీ చేయే లేచింది, నేను ఎత్తలేదు, అనాలనుకుంది. మొగుడి మొహం చూసింది. ఆ మొహంలో కోపం ఉంది. ఆ కోపం లేకపోతే దాని కింద ఏం మిగులుతుందో ఆవిడకి తెలుసు.

"అడగలేదు" అంది.

ఒప్పందం అంటే ఒప్పందమే. ప్రతి ఆదివారం లియాన్ హెల్మెట్ పెట్టుకుని, మనవళ్ళ వయసు కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఏ కోచ్ కూడా ఆడమనలేదు. యాభై వేల మంది ఆ ముసలాయన్ని చూసేవాళ్ళు. జట్టు ఓడేది. మిగతా రెండు వంతుల్లో ఒక కుర్రాడు మొదటి నెలలోనే మోకాలు విరగ్గొట్టుకున్నాడు, ఇంకోడు తాగి తాగి అమ్మ దగ్గరకి వెళ్ళిపోయాడు. అక్కడ లావెల్ కప్పు గెలిచాడు. ఆ మరుసటేడు కోల్బీ గెలిచాడు. బేరం గిట్టిందా లేదా అని ఆష్‌బీలో ఎవరూ ఎవర్నీ అడగడం మానేశారు.

బెర్నీని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆవిడ్ని చంపేసింది. ఐరీన్ వేడి వేడి క్యాసరోల్ గిన్నె తెచ్చి, "నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం తన పొయ్యి తీసుకెళ్ళి ఆ చివర, కంచె పక్కన పెట్టుకుంది. బెర్నీ కాల్చిన సాసేజీలు చల్లారిపోయేవి. ఇంట్లో లియాన్ ఉప్పు అందించమనేవాడు, కిటికీ వెయ్యమనేవాడు. అంతకు మించి మాటల్లేవు. నాలుగేళ్ళపాటు మొగుడు దక్కాడు ఆవిడకి, అందులో ఒక్క సాయంత్రమైనా అచ్చంగా ఆవిడది కాదు.

ఒకసారి లావెల్ తన కొత్త జట్టుతో ఆడటానికి వచ్చాడు. ఆట అయ్యాక మైదానం దాటి బెంచీ దగ్గరకి వచ్చి లియాన్ భుజాలు పట్టుకున్నాడు.

"బాగున్నారా, మిస్టర్ సోబ్‌చక్?"

"నీ బదులు వచ్చింది నేనేరా, అబ్బాయ్" అన్నాడు లియాన్. "చూడు ఎలా ఉన్నానో."

లావెల్ ఆయన్ని అలాగే వాటేసుకుని నిలబడ్డాడు. పైన గ్యాలరీ మెట్ల మీద బెర్నీ మొహం చేతుల్లో దాచుకుంది.

నాలుగో చలికాలం ఆఖరి ఆట నాటికి జెర్సీ లియాన్ ఒంటి మీద వదులైపోయింది. ఆటకి ముందు స్టేడియంలో మంచు ఎత్తిపోయడానికి ఎప్పుడూ ఊరంతా వచ్చేది, ఈసారి సగమే వచ్చారు. ఓటమి తర్వాత బెర్నీ కారులో ఇంటికి తీసుకొచ్చి, పాత మంచం మీదే పడుకోబెట్టింది. దుప్పటి కప్పబోతుంటే మణికట్టు పట్టుకున్నాడు.

"బెర్నీ. ఆ రోజు సంగతి నాకేమీ గుర్తులేదు."

"ఇప్పుడదెందుకులే. పడుకో."

"కాదు, చెప్పు. నేను అడ్డం చెప్పానా? వద్దన్నానా?"

ఆయన గొంతులో ఇప్పుడు కోపం లేదు. భయం ఉంది. నాలుగేళ్ళుగా ఆయన తనతో ఎందుకు మాట్లాడలేదో బెర్నీకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. తనే బతకాలని దాంట్లో దూరాడేమోనని ఆయనకీ అనుమానం ఉంది.

"చెప్పావు" అంది. "వద్దు వద్దని తల తిప్పేశావు. చేతులు బిగబట్టుకున్నావు. నేనే బలవంతాన విడదీసి తొడిగాను."

లియాన్ ఆవిడ మొహంలోకి చూశాడు.

"నాకు తెలుసు" అన్నాడు. "నేను ఒప్పుకుని ఉండనని నాకు తెలుసు." మొహం తేటపడింది. "నిన్ను క్షమించాను బెర్నీ. ఎప్పుడో క్షమించాల్సింది."

"సరేలే" అంది ఆవిడ.

ఆయన చేయి జారిపోయాక కూడా జెర్సీ ఒకసారి ఉబ్బి, తగ్గింది. ఆపైన అది ఉత్త బట్ట.

అంత్యక్రియలకి ఊరంతా వచ్చింది. అంతా ఆయన మంచితనం గురించి చెప్పుకున్నారు, బెర్నీతో చేయి కలిపి వెళ్ళిపోయారు. వసంతం ముందు జట్టు మళ్ళీ ఎవడో మంచి ఆటగాణ్ణి ఇచ్చేసి వంతులు తెచ్చుకుంది. వ్యాను వీధిలోకి రావడం బెర్నీ వంటింటి కిటికీలోంచి చూసింది. వెనక సీట్లలో రెండు నీలం జెర్సీలు బెల్టులు పెట్టుకుని కూర్చున్నాయి. వ్యాను ఆవిడ ఇల్లు దాటి కుబియాక్ వాళ్ళ వాకిట్లో ఆగింది.

బెర్నీ చేతులు తుడుచుకుని, కిందకి వెళ్ళి, పొద్దున వెలిగించి పెట్టిన హీటరు ఆపేసింది.