మోకాళ్ళ పేరు మీద

అసలు సవిత మోకాళ్ళ నొప్పి అని ఎందుకు చెప్పింది? నడుమని చెప్పొచ్చు, థైరాయిడ్ అని చెప్పొచ్చు, ఏమీ చెప్పకుండా ఊరుకోనూ వచ్చు. కానీ ఆ రోజు మొగుడు శేఖర్ అన్నం కలుపుతూ "జిమ్మా? ఎందుకు?" అన్నప్పుడు ఆమె నోరు దానంతట అదే "మోకాళ్ళు గుంజుతున్నయి" అనేసింది. నొప్పి అంటే మొగుడు ఒప్పుకుంటాడు. ఇష్టం అంటే ఒప్పుకోడు. ఎవరూ నేర్పకుండానే సవితకు ఇది తెలుసు. తెలిసి ఉండటమే ఆమె ఒళ్ళు మండిస్తోంది.

బోధన్ రోడ్డు మీద ఒక మేడ మీది జిమ్ము. మధ్యాహ్నం ఆడవాళ్ళ టైము. సవిత తొడల మిషను మీద కూర్చుని ఉంది. మోకాళ్ళకు బయటి వైపు రెండు మెత్తలు. కాళ్ళతో వాటిని పక్కలకు తోస్తే వెనక ఇనుప పలకలు లేస్తాయి, మెల్లగా దగ్గరికి తెస్తే దిగుతాయి. అంతే. ఇంత చిన్న పనికి ఎదుటి అద్దంలో తన మొహం తానే చూసుకోలేనంత సిగ్గు ఎవరు పెట్టారు?

మొదటి రోజు ఈ సీటు మీద చెప్పులు విప్పి, కాళ్ళు మడిచి సక్లముక్లం పెట్టుకుని కూర్చుంది. ట్రైనర్ అఖిలేష్ నవ్వాడు.

"అక్కా, బీడీలు చేస్తరా ఏంది?"

వెక్కిరింపు కాదు. వాళ్ళమ్మా బీడీలే చేస్తుందట. అయినా సవితకు చెంప మీద కొట్టినట్టయింది. చిన్నప్పుడు తల్లి భూమవ్వ తన ఒళ్ళో బీడీల చాట పెట్టిన నాటి నుంచి తొడలంటే చాట నిలిచే చోటు. ఆకు, తంబాకు, దారం అన్నీ వాటి మీదే. తర్వాత బిడ్డ నిద్రపోయిందీ అక్కడే. ఒకనాడు స్నానం చేస్తూ చూసుకుంది. వదులుగా, చాట అంచు ఒరిసిన చోట నల్లగా, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉన్నాయి. జాలి కలగలేదు. కోపం వచ్చింది. గట్టిపడాలనుకుంది. ఎవరి కోసమూ కాని పని ఆమె అంతవరకు ఒక్కటీ చేయలేదు.

ఇంట్లో తొడలు అన్న మాట కూడా పలకరు. నడుము కింద నుంచి మడమ దాకా అంతా కాళ్ళే.

జిమ్ము సంగతి తెలిసి, బీడీలు అప్పజెప్పే చోట తోటి పనిమనిషి రాధాబాయి ఊరుకోలేదు. "ఏమే సవితా, బోధన్ల కుస్తీ పోటీలకు దిగుతవా? ముందుగాల మీ ఆయనను కిందేసి చూడు, చేతి దురద తీరుతది!" చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. సవితా నవ్వింది. ఎందుకు నవ్వింది? ఇంటికి వచ్చి ఆ నవ్వును తలుచుకుని గిన్నెలు విసిరి కొట్టినంత పని చేసింది.

ఇప్పుడు జిమ్ము మెట్ల మీద చెప్పుల చప్పుడు. శేఖర్. కింద సందులో అతని మొబైల్ రిపేరు షాపు.

"అన్నా, లేడీస్ టైం గిది," అఖిలేష్ అడ్డం వచ్చాడు.

"నా పెండ్లాన్ని చూడనీకి నాకు టైం చెప్తవా?" శేఖర్ ఆమెను నేరుగా చూడలేదు, అద్దంలో చూశాడు. "గిదా నువ్వు చేసేది? కాళ్ళు సాపుడు, మూసుడు! పక్కింటి కృష్ణ పెండ్లాం ఈడ చూసి చెప్పిందట, షాపుకొచ్చి వాడు నవ్వుతుండు. మోకాళ్ళ నొప్పికి గిదేం ఇలాజ్?"

అఖిలేష్ గొంతు తగ్గించాడు. "గరం గాకన్నా. మోకాళ్ళకైతే గా మూలకున్న సైకిల్ మంచిగుంటది. అక్కా, రేపటి సంది గది తొక్కుదురు. ఎవ్వలకు ఇబ్బంది ఉండది."

"ఆ, గట్ల చెప్పు. సైకిల్ అయితే తొక్కనీ."

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె కాళ్ళ సంగతి మర్యాదగా తేలిపోయింది. ఆ మర్యాదే ఆమెకు భరించరానిదయింది. తల ఊపితే చాలు. మోకాళ్ళ అబద్ధం ఇంకా పనిచేస్తుంది, జిమ్ము మిగులుతుంది, ఇంట్లో రాత్రి గొడవ ఉండదు. ఈ మిషను ఒక్కటే పోతుంది. తల అప్పుడే కొద్దిగా వంగింది కూడా. ఆ వంగడం ఆమెకు అద్దంలో కనిపించింది.

"నా మోకాళ్ళు మంచిగనే ఉన్నయి."

"ఏంది?"

"నొప్పి లేదు. ఎన్నడు లేకుండె. నీకు అబద్ధం చెప్పిన. నా తొడలు గట్టిగ గావాలె. గందుకే వస్తున్న."

వెనక ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్న ఒకామె నడక ఆపింది. శేఖర్ మెడ ఎర్రబడింది. ఆ మాట భార్య నోట, పదిమందిలో, పట్టపగలు వినడం అతనికి ఇదే మొదలు.

"ఎవలకు సూపెట్టనీకి?"

ఆమె జవాబు కోసం లోపల వెతికింది. నిజంగానే వెతికింది, తానేదో బాకీ ఉన్నట్టు. వెతుకుతున్న తనను చూసి ఆమెకు అసలైన కోపం వచ్చింది. అది చల్లగా, నిలకడగా ఉంది. దానికి అరవాల్సిన అవసరమే లేదు.

"సవితా, లే. ఇంటికి నడువు."

ఆమె సీటుకు వీపు ఆనించి, మెత్తలను రెండు కాళ్ళతో పక్కలకు తోసింది.