రెండో హెల్మెట్

పోయిన యేసురత్నం సామాన్లు పోలీసులు గోనెసంచిలో వేసి భార్యకి ఇచ్చారు. మరియమ్మ ఏడుస్తూనే ఒక్కొక్కటే బయటికి తీసింది. చెప్పులు, ఫోను, బుల్లెట్ తాళం, హెల్మెట్. దాని కింద ఇంకో హెల్మెట్. ఆ మొండి మనిషి నెత్తిన ఒక్క హెల్మెట్ పెట్టించడానికే ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది, మరి ఈ రెండోది ఎవరికోసం? లోపల చెయ్యి పెట్టి చూస్తే నాలుగు పొడుగాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. అంతటితో ఏడుపు ఆగిపోయింది.

సంచి అడుగున మూడు ఎర్ర తువ్వాళ్లు కూడా ఉన్నాయి. హమాలీలు భుజాన వేసుకునేవే. కానీ ఒకదానికొకటి ముడేసి, బారుగా తాడులా చేసి ఉన్నాయి. అవి దేనికో ఆమెకి ఎంత ఆలోచించినా తోచలేదు.

యేసురత్నం నంద్యాల రైల్వే గూడ్స్ షెడ్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోశాడు. హమాలీల యూనియన్లో అతని మాటకి ఎదురు లేదు. బండి పిచ్చి మాత్రం చెప్పనలవి కాదు. మహాసభకని అందరూ బుద్ధిగా రైలెక్కి విశాఖపట్నం పోతే, ఈయన బుల్లెట్ మీద పోయి, వాళ్లకంటే ముందు చేరి, స్టేషన్లో వాళ్లకి ఎదురొచ్చాడు. సమ్మె పిలుపిచ్చిన రోజు బనగానపల్లె, కోయిలకుంట్ల, కొలిమిగుండ్ల గోడౌన్లన్నీ పొద్దుగూకేలోపు తిరిగి మూయించాడు. నల్లమల ఘాట్ రోడ్డులో ఎలుగుబంటి అడ్డమొస్తే హారన్ కొట్టి తప్పుకోమన్నానని చెప్పేవాడు. అది నిజమో కోతో ఎవరూ తేల్చలేదు. అలాంటివాడు ఏ లారీ కిందో పడి పోతాడని మరియమ్మ ఏళ్లుగా భయపడుతుంటే, శిరివెళ్ల దాటాక గుండె పట్టుకుని, బండికి స్టాండు వేసి, పక్కన కూర్చుని అట్లే ఒరిగిపోయాడు.

శిరివెళ్ల దాటితే వచ్చేది ఆళ్లగడ్డ. ఆరేళ్లుగా ఆదివారం ఆరాధన కాగానే బండి తీసేవాడు. ఎక్కడికంటే యూనియన్ పని అనేవాడు. ఆదివారం ఏం యూనియన్ పనో! ఒకసారి చర్చిలో పాటలు పాడే ఎలిజబెత్, ఆళ్లగడ్డ దగ్గర ఆయన్ని చూశానని, వెనక ఎవరో నడుము గట్టిగా పట్టుకుని కూర్చున్నారని చల్లగా చెప్పిపోయింది. ఆ మాట అప్పటినుంచీ మరియమ్మని పురుగులా తొలుస్తూనే ఉంది. ఇప్పుడు చేతికి వెంట్రుకలే దొరికాయి.

ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. భార్య లేచి భర్త గురించి సాక్ష్యం చెప్పడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ. పాస్టరుగారు నాలుగు మంచి మాటలు సిద్ధం చేసుకోమన్నారు. మరియమ్మకి ఒక్కటీ రావడం లేదు. దేవుని ఇంట్లో నిలబడి, నా భర్త నమ్మకస్తుడు అని నోటితో ఎలా అనాలి? అది అబద్ధమైతే దేవుడు ఊరుకుంటాడా? అనకపోతే ఊరు ఊరుకుంటుందా?

యూనియన్ సెక్రటరీ గురుస్వామిని నిలదీసింది. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుని, దిక్కులు చూసి, ఆయన దేవుడులాంటోడు వదినా అని నసిగి జారుకున్నాడు. మిగతా హమాలీలూ అంతే, నోట్లో నీళ్లు పోసుకున్నట్టు నిలబడ్డారు. అందరూ కలిసి దాస్తున్నారంటే సంగతి పెద్దదే అయ్యుండాలి. శనివారం పొద్దున్నే హెల్మెట్ సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

ఆ బండిని ఆళ్లగడ్డలో వెతకాల్సిన పనే పడలేదు. బస్టాండు దగ్గర టీ కొట్టువాడిని అడగ్గానే, బుల్లెట్ అన్న ప్రతి ఆదివారం ఆ వెనక సందులో చివరింటికి వస్తాడని హుషారుగా చెప్పాడు. మనిషి పోయిన సంగతి వాడికింకా తెలియదు. మరియమ్మ ఆ సందులోకి నడిచింది.

తలుపు తీసింది ఒక ఆడమనిషి. నలభై ఏళ్లుంటాయి, బారెడు జడ. ఆ వెంట్రుకలు ఈ జడవేనని మరియమ్మ తేల్చుకుంది. సంచిలోంచి హెల్మెట్ తీసి ఆమె ముందు పెట్టింది. ఆమె దాన్ని చూసి, మరియమ్మ బోసి మెడ చూసి, గడప మీదే కూలబడి భోరుమంది. నా మొగుడి కోసం ఏడవడానికి నువ్వెవతెవని అడగబోయింది మరియమ్మ. అంతలో లోపలి మంచం మీంచి మగగొంతు వినిపించింది.

"ఎవరు బయ్యమ్మా ఆడ?"

ఆ గొంతు ఆమెకి తెలుసు. మారెన్నది. గూడ్స్ షెడ్డులో యేసురత్నానికి జతగాడు, ఇద్దరూ చెరో వైపు పట్టి బస్తా లేపేవాళ్లు. ఆరేళ్ల కింద బస్తా మీద పడి నడుం విరిగింది. నల్లమల కొండకి, అడివిలో తనవాళ్ల దగ్గరికి పోయాడని యేసురత్నం ఇంట్లో చెప్పాడు. కొండకి పోలేదు, ఇదిగో పెళ్లాం బయ్యమ్మతో ఇక్కడే ఉన్నాడు. నడుము కింద కదలిక లేదు. మంచం పట్టినప్పటినుంచీ క్షవరం మానేశాడేమో, జుట్టు భుజాల మీదికి పడుతోంది.

మరియమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. చావు కబురు చెప్పాల్సింది తనే. చెప్పింది.

మారెన్న ఆ ఆదివారాల సంగతి చెప్పుకొచ్చాడు. ఆదివారం యేసురత్నం రాగానే తననెత్తి బండి మీద కూర్చోబెట్టి, ముడేసిన తువ్వాళ్లతో ఆయన నడుముకి తనని కట్టుకుని, అహోబిలం దారిలో అడివి కనపడేదాకా తీసుకుపోయేవాడట. ఆ గాలి పీల్చుకోవడం కోసమే వారమంతా బతికేవాణ్ని అన్నాడు. మరి నా దగ్గర దాచడమెందుకని మరియమ్మ అడిగింది.

అక్కడే ఉంది అసలు సంగతి. బస్తాని ఇద్దరూ ఊపి లారీకెత్తేటప్పుడు, ఎవరి చెయ్యి ముందు వదిలిందో ఒక్కోసారి ఆ ఇద్దరికీ తెలియదు. దెబ్బ తగిలితే హమాలీల ముఠాలో ఎవరూ అడగరు కూడా. సంచి కుట్లు ఊడాయని అందరూ ఒకే మాట చెబుతారు, ఆ మాట ఇంటిదాకా మొయ్యరు. గురుస్వామి దిక్కులు చూసింది అందుకే. చెయ్యి జారింది తనదేనని యేసురత్నం అనుకున్నాడు, ముఠా కూడా అలాగే అనుకుంది.

"ఆయప్ప చెయ్యి జారలే వదినా," అన్నాడు మారెన్న. "చెమట పట్టి నేనే ముందు ఇడిసినా. ఆయప్పకు చెప్పలే."

"ఆరేండ్లు? ఎందుకప్పా చెప్పలే?"

"చెప్తే ఇంక రాడేమో అని."

మరియమ్మకి అతన్ని చెంప పగలగొట్టాలనిపించింది. నువ్వు చెప్పినా వచ్చేవాడురా, నీకా మనిషి తెలియదా అని అరవాలనిపించింది. తనకు మాత్రం ఏం తెలుసు? సంచిలో ఆ హెల్మెట్ మోసుకుని, ఎవతెనో పట్టుకుందామని వచ్చిందే తను. చెయ్యి లేవలేదు. చాలాసేపు ముగ్గురూ ఏడ్చారు. లేచేటప్పుడు, రేపు కూడికలో ఈ మాట చెప్పనా అని అడిగింది. చెప్పమని మారెన్న తలూపాడు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ముందు బెంచీల్లో హమాలీలు ఎర్ర తువ్వాళ్లతో కూర్చున్నారు. మరియమ్మ లేచింది. ఇన్నేళ్లూ భర్తని అనుమానించానని దాచకుండా చెప్పింది. ఎలిజబెత్ తల దించుకుంది. తర్వాత బస్తా సంగతి ఎత్తింది. ముఠాలో ఎవరూ ఎవర్నీ అడగని మాట అది. గురుస్వామి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. మారెన్న చెప్పమన్నదంతా చెప్పి, ఆమె జనం వైపు నుంచి యేసురత్నం ఫోటో వైపు తిరిగింది.

"నీ చెయ్యి జారలే," అంది.

బండి చప్పుడులో ఆయనకి ఏ మాటా ఒక్కసారికి వినపడేది కాదు. అందుకని గొంతు పెంచి మళ్లీ చెప్పింది.