చచ్చిన సర్వర్ చేతిలో తాళం

మా ఊరు బయామోలో కరెంటు పోవడం కొత్తేమీ కాదు. కానీ ఆ మధ్యాహ్నం, కాన్పయిన యుదీత్‌కు రక్తస్రావం ఆగకుండా ఉన్నప్పుడే పోవాలా! ఆమెది ఓ నెగటివ్ గ్రూపు. మా చిన్న ఆసుపత్రి నిల్వలో ఆ రక్తం ఒక్క సంచీ లేదు. దాతల పేర్లన్నీ నా ల్యాబులోని పాత కంప్యూటర్లో ఉన్నాయి.

జనరేటర్ మొదలవగానే ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరిచి, ఆ పేర్ల డేటాబేస్‌ను నడిపే సర్వర్‌ను లేపమని ఆదేశం కొట్టాను. ఈ డేటాబేస్‌ను ఇప్పటికే వేరొకరు వాడుతున్నారు, అంది కంప్యూటర్. ఎవరు వాడతారు, నా బొంద! గదిలో ఉన్నది నేనూ, మా పరిపాలనాధికారి ఎవేలియో.

ఆ మహానుభావుడు వెంటనే వరండాలోకి పరుగెత్తాడు. "ఎవర్రా వాడుతున్నది? మర్యాదగా వదిలెయ్యండి!" వంటగదిలో చిక్కుడు గింజలు ఏరుకుంటున్న ఆవిడను కూడా వదల్లేదు.

"ఎవేలియో గారూ, అరవకండి. ఎవరూ వాడటం లేదు. కరెంటు పోయినప్పుడు చచ్చిందే, ఆ సర్వరే తాను వాడుతున్నట్టు గుర్తుగా వేసుకున్న తాళం తీయకుండా పోయింది. ఆ తాళం ఫైలు చెరిపేస్తే సరి."

"చెరపడమా? డాక్టరమ్మా, మీకు దండం పెడతా! పైవాళ్ల అనుమతి లేకుండా ఏదీ చెరపకూడదు. ఫోను చేస్తున్నా, ఉండండి."

"కలిసిందా?"

"రింగే అవడం లేదు."

"మీ అనుమతి వచ్చేసరికి ఆ యుదీత్ పోతుంది!"

చెరిపేశాను. మళ్లీ ఆదేశం కొట్టాను. సర్వర్ సిద్ధం అని ఒకే ఒక్క వాక్యం వచ్చి ఆగింది.

"ఏమీ కదలడం లేదే, మూసేద్దామా?" అంటూ ఎవేలియో మౌసు మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మీద ఒక్కటిచ్చాను.

"మీకు పుణ్యముంటుంది, ముట్టుకోకండి! ఆ తెర మూస్తే సర్వర్ మళ్లీ చస్తుంది."

ఒళ్లు మండిపోయింది నాకు. పక్కన ఇంకో తెర తెరిచి వెతికాను. ఊళ్లో ఉండి, ఇప్పుడు రక్తమివ్వగలిగినవాడు ఒక్కడే తేలాడు. ఒరెస్తెస్. గుర్రబ్బండి తోలుకుంటాడు. నా మాజీ మొగుడు. జన్మలో వాడితో మాట్లాడనని నలుగురి ముందూ ఒట్టు పెట్టుకున్నాను. ఖర్మ కాకపోతే ఏమిటి!

ఫోను చేశాను.

"ఎవరూ, నియుర్కానా? నీ ఒట్టేమైంది?"

"తీసి గట్టు మీద పెట్టాను. ఇక్కడో బాలింత చచ్చిపోతోంది. నీ రక్తం కావాలి."

గుర్రం నురగలు కక్కుతుండగా వచ్చాడు. ఒక్క వెటకారమూ ఆడలేదు. మంచమెక్కి చొక్కా చెయ్యి మడిచి, "సూది నువ్వే గుచ్చు" అన్నాడు. సంచీ నిండేదాకా ఇద్దరం మొహాలు చూసుకోలేదు.

సాయంత్రం యుదీత్ కళ్లు తెరిచి బిడ్డను అడిగింది. ఊపిరి పీల్చుకుందామని బయటికి వెళితే, వెధవ ఇంటికి పోకుండా ఇంకా బండిలోనే కూర్చుని ఉన్నాడు. ఆమె బతికిందని చెప్పాను. ఇద్దరం ఏడ్చేశాం.